నాలుగొందల ఏళ్ళ సొర గురించి నాయనకు

నాయనా,

అమ్మ పక్కనే ఉంటే పైకి చదువు, ఇందులో ఆమెకి చెప్పాల్సింది కూడా ఉంది. మొన్న ఫోన్లో నేను నాలుగొందల ఏళ్ళ సొర చేప అనగానే "దాని పుట్టినతేదీ ఎవరు రాసి పెట్టార్రా" అని నవ్వేశావు గదా, సిగ్నల్ కూడా సరిగ్గా లేదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

దీన్ని గ్రీన్‌లాండ్ సొర అంటారు. ఇక్కడ ఐస్‌లాండ్ చుట్టూ, అటు గ్రీన్‌లాండ్, నార్వే వైపు, చేయి పెడితే కొంకర్లు పోయే నీళ్ళలో తిరుగుతుంది, రెండు కిలోమీటర్ల లోతుకి కూడా దిగుతుంది. నువ్వడిగిన ప్రశ్నే సైంటిస్టులకీ చాలాకాలం తలనొప్పి. చాలా సొరలకి వెన్నుపూసల్లో వలయాలు లెక్కపెట్టి వయసు చెబుతారు, దీని పూసలు మెత్తన, లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు. చివరికి దారి కంట్లో దొరికింది. కంటి లెన్సు నడిమధ్య భాగం తల్లి కడుపులో ఉండగానే తయారవుతుంది, ఆ తర్వాత చచ్చేదాకా మారదు. 1950లు, 60ల్లో అణుబాంబు పరీక్షల వల్ల గాల్లో రేడియో కార్బన్ బాగా పెరిగి సముద్రంలోకీ చేరింది, కాబట్టి లెన్సు మధ్యలో అది ఎక్కువ ఉంటే ఆ చేప బాంబుల తర్వాత పుట్టినట్టు. 28 ఆడ సొరల్ని అట్లా చూస్తే ఆ జాడ ఉన్నవి బాగా చిన్నవి మాత్రమే, మిగతావన్నీ అంతకుముందువే. అన్నిటికన్నా పెద్దది 5.02 మీటర్లు, పొడవునీ రేడియో కార్బన్‌నీ కలిపి లెక్కేసి దాని వయసు సుమారు 392 అని 2016లో ప్రకటించారు. 120 ఏళ్ళు అటూ ఇటూ కావచ్చని వాళ్ళే ఒప్పుకున్నారు. సరే, నువ్వు రేవులో బేరమాడినట్టు ఆ 120 తగ్గించినా 272 మిగులుతుంది. నిజంగా 392 అయితే మన దుగరాజపట్నంలో ఇంగ్లీషువాళ్ళు వ్యాపారానికి దిగిన రోజులకి అది పిల్ల.

ఏడాదికి ఒక సెంటీమీటరు కూడా పెరగదు. ఈత గంటకి కిలోమీటరు పైచిలుకు, నువ్వు మోకాలి నొప్పితో నడిచినా దాన్ని దాటేస్తావు. మరి సీళ్ళను ఎట్లా పట్టుకుంటుందంటే, నిద్రపోతున్నప్పుడు మింగుతుందని ఒక అంచనా. చాలావాటికి కంటి మీద ఒక పరాన్నజీవి పట్టుకుని వేలాడుతుంటుంది, చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

నన్ను ఆలోచనలో పడేసింది దాని వయసు కాదు నాయనా. ఆడ సొర పిల్లల్ని పెట్టే ఈడుకి రావాలంటే దాదాపు 150 ఏళ్ళు పట్టాలి. అంటే ఈరోజు తల్లులయ్యేవి సుమారు 1870ల్లోనో అంతకుముందో పుట్టినవి. ఇరవయ్యో శతాబ్దం సగం దాకా కాలేయం నూనె కోసం వీటిని తెగ పట్టారు, ఇప్పుడు వేరే చేపలకి వేసిన వలల్లో పడి పోతున్నాయి. మన పాల సొర రెండు మూడేళ్ళకే ఈడుకొస్తుంది, దానికే మీరు ముందులాగా పడట్లేదు అంటారు, ఇక దీని సంగతి చూడు.

ఇక అమ్మకి. దీంతో సొర పుట్టు కూర చేద్దామని మాత్రం అనుకోవద్దను. పచ్చి మాంసంలో విషం ఉంటుంది, తిన్న కుక్కలు తాగినోళ్ళలాగా తూలతాయి. లోతు ఒత్తిడికి ఒంట్లో ప్రొటీన్లు చెడకుండా కాపాడే పదార్థమే తిన్నవాళ్ళకి విషమవుతుంది. ఇక్కడివాళ్ళు దాన్ని వారాల తరబడి పులియబెట్టి, నెలల తరబడి షెడ్డులో వేలాడదీసి తింటారు, పేరు హౌకార్ల్. బ్యార్నార్‌హోఫ్న్ అనే చోట దీనికి మ్యూజియమే ఉంది, సెలవులో పోయి ఒక ముక్క తిన్నా. అమ్మోనియా వాసన ముక్కులోంచి నెత్తికెక్కింది. మన ఎండుచేపల వాడలో పెరిగినోణ్ణి, నాకే తట్టుకోవడం కష్టమైంది!

దీని నూనె యూరప్‌లో దీపాలకి వాడేవాళ్ళంట. తాత పడవ చెక్కలకి సొర నూనె పూసేవాడని నువ్వొకసారి చెప్పావు, అది ఏ సొరది, కాలేయం ఎట్లా కరిగించేవాళ్ళు? ఇక్కడి ఫ్రెండ్ ఒకడు అడుగుతున్నాడు, తెలిస్తే వాయిస్ మెసేజ్ పెట్టు.

నీ కొడుకు