నాన్ అటెండింగ్ బీఈడీ అని అడిగావు కదా, విను

ఒరేయ్ శీనూ,

"ఉద్యోగం వదలకుండా బీఈడీ పూర్తిచేసే దారి ఏమైనా ఉందా" అని పెట్టిన నీ మెసేజ్ చూశాను. ఫోన్లో చెబుదామంటే నేను స్కూల్లో ఉన్నప్పుడు నువ్వు ఖాళీ, నువ్వు షిఫ్ట్‌లో ఉన్నప్పుడు నేను ఖాళీ. పైగా ఇది రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. అందుకే ఆదివారం అన్నం తిని కూర్చున్నాను. టీ పెట్టుకుని చదువు.

ముందు నీకు నచ్చని మాట చెప్పేస్తాను. రూల్ ప్రకారం అలాంటి దారి లేదు. రూల్‌కి బయట మాత్రం రాజమార్గం ఉంది. నీకు ఆ కాలేజీ పేరు చెప్పిన మీ రూమ్మేట్ చెప్పింది అబద్ధమేం కాదు. ఎవరూ క్లాసుకు రాని సెక్షన్లు నిజంగానే ఉన్నాయి. "ప్యాకేజీ" అంటారు. ఫీజు, రికార్డులు, ఇంటర్నల్ మార్కులు, ప్రాక్టికల్స్ అన్నీ కలిపి ఒకే రేటు. పరీక్షల టైమ్‌కి బస్సెక్కి వస్తే చాలు. నాకు వచ్చిన కోపం నీ మీద కాదు కానీ, ఆ దారిలో నువ్వు పోగొట్టుకునేది ఏమిటో తెలియకుండా వెళ్తావేమోనని భయం.

అసలు రూల్స్ ఏం చెబుతున్నాయో విను. వీటిని పెట్టేది మన యూనివర్సిటీ కాదు, టీచర్ ట్రైనింగ్ కోర్సులకు రూల్స్ పెట్టే జాతీయ మండలి, ఢిల్లీలో ఉండే ఎన్‌సీటీఈ. 2014లో తెచ్చిన నిబంధనలు 2015-16 నుంచి అమలయ్యాయి, అప్పటినుంచే బీఈడీ రెండేళ్లయింది. మీ అక్క ఒక్క ఏడాదిలో ముగించింది గుర్తుందా, అది పాత లెక్క. ఇప్పుడు ఏడాదికి కనీసం 200 పనిదినాలు నడవాలి. అడ్మిషన్ల రోజులు, పరీక్షల రోజులు అందులోకి రావు. వారానికి 36 గంటలు. థియరీకి, ప్రాక్టికల్ పనులకు 80 శాతం అటెండెన్స్, ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం. మన డిగ్రీలో 75 ఉంటే చాలనేవాళ్లు, దానికే మనం నానా తిప్పలు పడ్డాం.

లెక్క వేసి చూడు. 200 రోజుల్లో 80 శాతమంటే 160. అంటే నలభై రోజుల దాకా మానవచ్చు. పెళ్లిళ్లు, జ్వరాలు, పండక్కి ఊరెళ్లడాలు ఎక్కువైనా ఇబ్బంది లేదు. ఇంటర్న్‌షిప్ దగ్గరే ముడి పడుతుంది. సెకండియర్లో 16 వారాలు స్కూల్లో ఉండాలి. వారానికి ఆరు రోజులనుకుంటే 96 రోజులు. అందులో 90 శాతమంటే తొమ్మిది రోజులకు మించి సెలవు పెట్టడానికి లేదు. మీ కంపెనీ ఎంత మంచిదైనా అన్ని వారాలు సెలవు ఇవ్వదు కదా.

దూరవిద్యలో చేస్తానంటావేమో, అదీ కుదరదు. డిస్టెన్స్ బీఈడీ ఉన్నది అప్పటికే శిక్షణ పొంది ప్రాథమిక తరగతులకు పాఠాలు చెబుతున్న టీచర్లకి, లేదంటే డీఈడీ (ప్రాథమిక టీచర్ల ట్రైనింగ్) లాంటిది రెగ్యులర్‌గా చదివినవాళ్లకి. నువ్వు రెండిట్లోనూ లేవు. ఒక్క ఏడాది బీఈడీ మళ్లీ వస్తోందని వాట్సాప్‌లో తిరుగుతున్నది కూడా నమ్ముకోకు. 2025 ఫిబ్రవరిలో ఎన్‌సీటీఈ విడుదల చేసిన ముసాయిదాలో ఆ మాట ఉన్నది నిజమే. కాకపోతే అది నాలుగేళ్ల డిగ్రీ వాళ్లకి, పీజీ చేసినవాళ్లకి. నీది మూడేళ్ల బీఎస్సీ.

ఇంకోటి. "బ్యాక్‌లాగ్ ఉంటే తర్వాత నిదానంగా రాసుకోవచ్చులే" అన్నావు. డిగ్రీలో అయితే సాగింది. ఇక్కడ చేరిన రోజు నుంచి మూడేళ్లలోపు కోర్సు పూర్తి కావాలని నిబంధనలోనే ఉంది. రెండేళ్లు చదువు, ఒక్క ఏడాది వెసులుబాటు. అంతే.

ఇంత గట్టిగా రాసుకున్న రూల్స్ ఉండగా నాన్ అటెండింగ్ ఎలా నడుస్తోందంటావా? మొదట్లో నాకూ అర్థం కాలేదు. రిజిస్టర్ రాసేది కాలేజీ. ఆ కాలేజీ బతికేది మన ఫీజు మీద. ఎనభై లేదని ఒకణ్ణి డిటెయిన్ చేస్తే వచ్చే ఏడు పది మంది పక్క కాలేజీకి పోతారు. యూనివర్సిటీ మనల్ని చూసేది పరీక్ష హాల్లోనే. మరి ఎనభై శాతం అనేది ఎవరికి లెక్క? కాగితానికి. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లోనే టీచర్ ట్రైనింగ్ కాలేజీల తీరు మీద పెద్ద నివేదిక ఇచ్చింది. కోర్సు కాలం పెంచమన్నది అందులోని సూచనల్లో ఒకటి. కోర్సు పొడవు పెంచడం తేలిక, కాబట్టి పెంచారు. తలుపు దగ్గర నిలబడి లోపల ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడం కష్టం. అది మాత్రం అలాగే ఉండిపోయింది.

దీనివల్ల దెబ్బతినేది రోజూ వచ్చేవాళ్లు. మా క్లాసులో కొన్ని రోజులు ముందు రెండు బెంచీలే నిండేవి. డ్రామా అండ్ ఆర్ట్ అని ఒక పేపరుంది. నలుగురితో నాటకం ఏం వేస్తాం? మైక్రో టీచింగ్‌లో ఒకడు టీచర్, మిగతావాళ్లు పిల్లలు కావాలి. పిల్లలే దొరక్కపోతే మా మేడమ్ తనే పిల్లై కూర్చుని "సార్, అర్థం కాలేదు" అనేది. నవ్వుకునేవాళ్లం గానీ, ఆవిడకి ఎంత విసుగో ముఖంలో కనిపించేది.

రికార్డుల సంగతి చెప్పకపోతే బీఈడీ గురించి చెప్పినట్టే కాదు. లెసన్ ప్లాన్లు, అబ్జర్వేషన్ రికార్డు, సైకాలజీ రికార్డు, యాక్షన్ రీసెర్చ్, కేస్ స్టడీ, టీఎల్‌ఎం అనే బోధన సామగ్రి... చేతులు పడిపోతాయి. కాలేజీల దగ్గర జిరాక్స్ షాపుల్లో రాసిన రికార్డులు అమ్ముతారు, పేరు మార్చుకుంటే చాలు. కేస్ స్టడీ అంటే ఒక పిల్లాణ్ణి కొన్నాళ్లు గమనించి రాయాలి. షాపువాడి కేస్ స్టడీలో ఆ పిల్లాడు ఎన్ని బ్యాచ్‌లుగా ఎనిమిదో తరగతే చదువుతున్నాడో ఆ దేవుడికే తెలియాలి! నిజం చెప్పాలంటే తప్పు మొత్తం కొనేవాళ్లదీ కాదు. ఎన్ని పేజీలు నింపారో చూసి మార్కులేస్తే ఎవడైనా పేజీలే నింపుతాడు. నా చేతిలో ఉంటే రికార్డుల్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతాను.

అదే ఇంటర్న్‌షిప్ మాటకొస్తే నేను ఒక్క రోజు కూడా తగ్గించను. నువ్వు చదవాల్సిన అసలు సంగతి ఇదే.

నన్ను ఒక జడ్పీ హైస్కూల్‌కి వేశారు. మొదట్లో వెనక బెంచీలో కూర్చుని రెగ్యులర్ టీచర్ పాఠం గమనించాలి. తర్వాత మనకి క్లాసులిస్తారు. రూల్‌లో ఇంత చక్కగా ఉంటుంది. స్కూల్లో మాత్రం ట్రైనీలు వచ్చారంటే హెచ్‌ఎం గారికి పండగే. ఎవరు సెలవు పెట్టినా ఆ పీరియడ్ మనదే. హిందీ సార్ రాకపోతే హిందీ, పీఈటీ రాకపోతే గ్రౌండు. మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లో ఫొటోలు సరేసరి. మొదట ఒళ్లు మండేది. ఇప్పుడు చూస్తే రేపు ఉద్యోగం వచ్చినా పని ఇలాగే ఉంటుంది కదా, ముందే తెలిసిందిలే అనిపిస్తోంది.

ఏడో తరగతికి పూర్ణ సంఖ్యలు చెప్పాల్సి వచ్చింది. లెసన్ ప్లాన్‌లో పుస్తకాల్లో ఉన్నట్టే థర్మామీటర్, సున్నాకి కింద చలి, సున్నాకి పైన వేడి అని రాసుకెళ్లాను. మన ఊళ్ల పిల్లలు సున్నాకి కింద చలి ఎక్కడ చూశారు? బిక్కమొహాలేసుకుని కూర్చున్నారు. అప్పుడు మూడో బెంచీలో పిల్ల లేచి, "సార్, మా అమ్మ కొట్టు ఖాతాలో రాస్తది కదా, అట్టాగా?" అంది. వాళ్లకి చిల్లరకొట్టు ఉంది. ఇరవై అప్పు ఉన్నవాడు పదిహేను కడితే ఇంకా ఐదు అప్పే, ముప్పై కడితే పది మనదగ్గర జమ. ఆ పిల్ల చేతే బోర్డు మీద రాయించాను. క్లాసంతా అప్పుల లెక్కలే! ఆ రోజు పుస్తకం తెరవనేలేదు.

ఆ పిల్ల ముందు వారాల్లో నోరు విప్పేది కాదు. మేం వచ్చిపోయేవాళ్లమని పిల్లలకు తెలుసు. ప్రతి ఏడూ ఎవరో వస్తారు, చార్టులు తగిలించి ఫొటోలు దిగి వెళ్లిపోతారు. రోజూ కనిపిస్తేనే మనల్ని లెక్కలోకి తీసుకుంటారు. నాతో పాటు అదే స్కూల్‌కి వేసిన ఒకతను నెలకోసారి వచ్చి సంతకాలన్నీ ఒకేసారి పెట్టేవాడు. అతన్ని పిల్లలు చివరిదాకా "కొత్త సార్" అనే పిలిచారు. ఆ 90 శాతం పెట్టినవాడెవడో గానీ బడి తెలిసినవాడురా.

బెత్తం గురించి కూడా చెప్పాలి. విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 ప్రకారం పిల్లల్ని కొట్టడం నిషేధం. కాలేజీలో అది రెండు మార్కుల ప్రశ్న. స్కూల్లో ఒకావిడ కొడుకుని చెవి పట్టుకుని తీసుకొచ్చి, "కళ్లు తప్ప ఎక్కడైనా కొట్టండి సార్, నేనేం అనుకోను" అంది. ఆ తల్లికి ఏం చెప్పాలో ఏ రికార్డులోనూ లేదు. స్టాఫ్ రూమ్‌లో పెద్ద సార్ ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఇంటి విషయాలు అడిగి అసలు సంగతి రాబట్టారు. ఆ పావుగంటలో నేర్చుకున్నది నాకు సైకాలజీ పేపర్ మొత్తంలో దొరకలేదు.

ఇక ఉద్యోగం సంగతి. నీకు కావలసింది అదే కదా. బీఈడీతో ఎస్‌జీటీ, అంటే ప్రాథమిక బడి టీచర్ పోస్టుకి కూడా వెళ్లొచ్చని ఎవరైనా చెబితే నమ్మకు. ప్రాథమిక తరగతులకు బీఈడీ పనికిరాదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చేసింది. అవి డీఈడీ వాళ్లవి. మనవి హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టులు. సర్కారు టీచర్లను తీసుకునే డీఎస్సీ ఉంది కదా, మొన్న 2025 మెగా డీఎస్సీలో మన ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టులుంటే, అందులో స్కూల్ అసిస్టెంట్లు 7,725. వినడానికి బాగానే ఉంది, కానీ అవన్నీ సబ్జెక్టులు, జిల్లాలు, రిజర్వేషన్ రోస్టర్ల మధ్య చీలిపోతాయి. డీఎస్సీలో టీచర్ అర్హత పరీక్ష టెట్‌కి 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి టెట్ పాసైతే చాలనుకోవద్దు, మార్కులు పెంచుకోవాలి. 150కి ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ ఎస్టీలకు 60 వస్తే పాస్. డీఎస్సీ మళ్లీ ఎప్పుడంటే, అది ఏ జ్యోతిష్కుణ్ణీ అడగకు.

ప్యాకేజీలో చేరినా సర్టిఫికెట్ మీద అదే ముద్ర పడుతుంది, డీఎస్సీ రాయనిస్తారు, కోచింగ్ తీసుకుంటే ఉద్యోగమూ రావచ్చు. అలా వచ్చినవాళ్లు నాకే తెలుసు. కాబట్టి "నష్టపోతావు" అని బెదిరించను. కానీ నీకు పిల్లలతో పడుతుందో లేదో తెలుసుకోవడానికి ఆ 16 వారాలు తప్ప ఇంకో అవకాశం రాదు. ఉద్యోగం వచ్చాక నచ్చలేదని తెలిస్తే అప్పుడు వదల్లేవు, ఉండనూ లేవు. అలాంటివాళ్లు స్టాఫ్ రూముల్లో ఉన్నారు. వాళ్ల దగ్గర పిల్లలు పడే పాట్లు నేను చూస్తూనే ఉన్నాను.

అయినా చేరతానంటే చేయాల్సినవి చెబుతాను. డిగ్రీలో 50 శాతం ఉండాలి, రిజర్వేషన్ ఉంటే 40. నీకు ఉన్నట్టే గుర్తు, మెమో తీసి చూసుకో. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రెండు గంటల పేపరు, 150 మార్కులు. అందులో వంద నీ సబ్జెక్టే. ఎంపీసీ కాబట్టి మ్యాథ్స్ గానీ ఫిజికల్ సైన్స్ గానీ పెట్టుకోవచ్చు. ఎడ్‌సెట్ ర్యాంకుతో కన్వీనర్ కోటాలో సీటు వస్తేనే ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి ఆలోచించు. దానికీ 75 శాతం హాజరు చూస్తారు. కాలేజీ ఎంచుకునే ముందు మామూలు రోజు, మధ్యాహ్నం రెండింటికి వెళ్లి క్లాసులో ఎంతమంది ఉన్నారో నీ కళ్లతో చూడు. బ్రోషర్ అక్కర్లేదు.

అన్నట్టు మీ చెల్లి ఇంటర్ సెకండియర్ కదా, టీచర్ అవుతానని అనేది. డిగ్రీ తర్వాత బీఈడీ అనకుండా నాలుగేళ్ల ఐటెప్ కోర్సు ఉందని చెప్పు. డిగ్రీ, బీఈడీ కలిసే వస్తాయి, ఒక ఏడాది మిగులుతుంది. 2023-24లో మొదలైంది, వరంగల్ ఎన్‌ఐటీలో కూడా ఉంది. ఎన్‌టీఏ వాళ్లు పెట్టే ఎన్‌సెట్ రాయాలి. నీ గురించి ఆలోచించే కంటే ముందు ఆ పిల్ల చేత అప్లై చేయించు.

సరే, నీ డిగ్రీ మెమోలు ఫొటో తీసి పంపు. ఉద్యోగం మానేయాలంటే ఇంటికి పంపే డబ్బు సంగతి ముందు తేల్చుకోవాలి, మీ నాన్నతో మాట్లాడావా? మాట్లాడలేకపోతే వచ్చే ఆదివారం నేను మీ ఇంటికి వెళ్తాను. ఆయనకి నీ మాటకన్నా నా మాట మీదే గురి.

నీ
రమణ