ప్లేట్లెట్లు ఇచ్చినవాళ్లకు, మందు చల్లగా చేర్చినవాళ్లకు

తిరుపతి, చిత్తూరుల నుంచి వచ్చి ప్లేట్లెట్లు, అంటే రక్తాన్ని గడ్డకట్టించే కణాలు, ఇచ్చిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు మా క్యాన్సర్ వార్డు నర్సులందరి నమస్కారాలు. మీరు ఆదుకున్నది మందు చేయలేని చోట.

రేడియేషన్ ముందుగా దెబ్బతీసేది వేగంగా విభజన చెందే కణాలను. ఎముక మజ్జలో ఉండేవి అవే. పెద్దవాళ్లకు నడుము, కటి ఎముకల్లోనే మజ్జ ఎక్కువ. అక్కడ రేడియేషన్ పడి, కీమో కూడా తోడైతే రక్తకణాల కౌంట్లు కూలతాయి. క్రిములతో పోరాడే తెల్లకణాలు, న్యూట్రోఫిల్స్, మైక్రోలీటరు రక్తంలో 500 లోపుకి వచ్చి జ్వరం తగిలితే ప్రాణం మీదికే. తెల్లకణాలు కోలుకోవడానికి ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ ఉంది: కిలో బరువుకు 5 మైక్రోగ్రాములు, రోజూ చర్మం కింద. రేడియేషన్ ప్రమాదాల్లో మజ్జ దెబ్బతిన్నవాళ్లకైతే 10. ఇందుకు అమెరికా 2015లో అనుమతి ఇచ్చింది. కీమో అయిన 24 గంటల లోపు మాత్రం వేయకూడదు, అప్పుడే విభజన మొదలుపెట్టిన కొత్త కణాలను ఆ కీమోయే చంపేస్తుంది. మొదటి రెండు రోజుల్లో కౌంట్ ఎగిరిందని ఆపేయడమూ తప్పే. మజ్జలో నిల్వ ఉన్నవి బయటికొచ్చాయంతే. ఈ ఇంజెక్షన్ వల్ల వచ్చే నడుము నొప్పికి పారాసిటమాల్ వేసుకునే ముందు జ్వరం చూసుకోవాలి, లేకపోతే మాత్ర జ్వరాన్ని దాచేస్తుంది.

కానీ ఈ ఇంజెక్షన్ ప్లేట్లెట్లను పెంచదు. అవి 10,000 కిందికి జారితే మనిషి వచ్చి రక్తంలోంచి ప్లేట్లెట్లను వేరుచేసే మెషీన్ దగ్గర గంటా గంటన్నర కూర్చోవాల్సిందే. పెదాలు తిమ్మిరెక్కినా ఓపిక పట్టారు మీరు. అది రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల, కాల్షియం ఇస్తే తగ్గుతుంది. మీరిచ్చిన ప్లేట్లెట్ల సంచికి అవసరమైన చోట 25 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్ ఇచ్చే ఎక్కిస్తారు. విడ్డూరమే, కానీ దాత లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) రోగి మీద తిరగబడకుండా చేసేది అదే.

పలమనేరు, పుత్తూరు దాకా ఈ ఎండల్లో ఇంజెక్షన్లు చేర్చిన మెడికల్ షాపుల తమ్ముళ్లకూ రుణపడ్డాం. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచడం, ఐస్‌కి నేరుగా తగలకుండా గుడ్డ చుట్టడం, సిరంజిని కుదపకపోవడం, ఒక్కటీ తప్పలేదు.

పేరిచ్చి ఇంకా పిలుపు రానివాళ్లు ఏమీ అనుకోవద్దు. సంచి ఐదు రోజులే నిలుస్తుంది కాబట్టి అందర్నీ ఒకేసారి పిలవం. ఫోన్ వచ్చేలోగా ఆస్పిరిన్ వేసుకుని ఉంటే మాత్రం చెప్పండి, మూడు రోజులు ఆగి పిలుస్తాం.