క్లబ్‌హౌస్ వాక్యూమ్ క్లీనర్, ఆదివారం పిల్లల క్లాసు

అందరికీ నమస్కారం. పిల్లల క్లాసుకి ముందు క్లబ్‌హౌస్ తివాచీ శుభ్రం చేద్దామని వాక్యూమ్ క్లీనర్ ఆన్ చేస్తే, చప్పుడే తప్ప దుమ్ము లాగడం లేదు. విప్పి చూస్తే బ్యాగు గొంతు దాకా నిండిపోయి ఉంది. బ్రష్ రోలర్‌కి వెంట్రుకలు తాడులా చుట్టుకుపోయాయి, కత్తెరతో కోసి తీసేసరికి అరగంట పట్టింది.

దయచేసి బ్యాగు ముప్పాతిక నిండగానే మార్చండి. గాలి ఆడకపోతే మోటారు వేడెక్కి కాలిపోతుంది. ఇంట్లో రిపేర్లు చేయిస్తున్నవాళ్లు సిమెంట్ పొడి, టైల్స్ కోసిన దుమ్ము దీంతో అస్సలు లాగొద్దు, ఆ సన్న పొడికి ఫిల్టర్ మూసుకుపోతుంది. తడి నేల మీద కూడా వద్దు, మనది పొడి చెత్తకే. ఫోమ్ ఫిల్టర్ కడిగి పెట్టాను. ఈ బెంగళూరు ముసురుకి ఒక్క రోజులో ఆరదు, పూర్తిగా ఆరేదాకా ఎవరూ తీసుకోకండి.

క్లాసు మాత్రం పదకొండింటికే, చాపలు వేస్తాను. ఈసారి క్లోనింగ్, అంటే ఒక జీవికి జన్యుపరంగా నకలులాంటి ఇంకో జీవిని పుట్టించడం. 1996లో స్కాట్లాండ్‌లో పుట్టిన డాలీ గొర్రె గురించి చెబుతాను. ఒక గొర్రె పొదుగు కణంలోని కేంద్రకాన్ని, కేంద్రకం తీసేసిన ఇంకో గొర్రె అండంలోకి చేర్చి, మరో గొర్రె గర్భంలో పెంచారు. 277 అండాలతో ప్రయత్నిస్తే పుట్టింది డాలీ ఒక్కటే. పిల్లలకి నోట్‌బుక్, పెన్సిల్ ఇచ్చి పంపండి.