మీ ఉప్పు, మా ఫ్లోరైడు

నల్లగొండ

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరమూ, దానితో పాటు పంపిన అంచనాల కట్టా చేరాయి. మూడు రోజులుగా మధ్యాహ్నం భోజనం కాగానే ఆ కట్ట ముందేసుకుని కూర్చుంటున్నానని, పదవీ విరమణ ఆఫీసుకే గాని అంచనాలకు లేదా అని మా ఇంట్లో ఒకటే దెప్పుడు. సముద్రం చూడాలంటే ఒక పూట ప్రయాణం చేయవలసిన ఊళ్లో ఉన్నవాడిని సముద్రపుటొడ్డు నీటి పథకం గురించి సలహా అడగడం నీ సాహసం, చెప్పడం నా సాహసం. మొహమాటం లేకుండా రాస్తున్నాను, నొచ్చుకోకు.

నీ అంచనాలో ముప్పాతిక సొమ్ము ఉప్పునీటిని మంచినీటిగా మార్చే ప్లాంటుకే పోయింది. పంపుహౌస్ ఎత్తు పెంచడం, మోటార్లకు కరెంటునిచ్చే ప్యానెల్ బోర్డులు పైఅంతస్తుకు మార్చడం, వేసవి నిల్వ చెరువు విస్తరించడం చివరి పేజీలో నాలుగు వరుసల్లో సర్దుకున్నాయి. నేనైతే కట్టను తిరగేసి, ఆ చివరి పేజీతోనే మొదలుపెడతాను. ఎందుకో చెప్పాలంటే ముందు మా ఊరి సంగతి చెప్పాలి.

మా బోర్ల నీళ్లలో ఎముకలు వంచే ఫ్లోరైడు ఎక్కువ; దాన్ని తీసే ఒక నీటిశుద్ధి పద్ధతికి మా జిల్లా పేరే ఉందని నీకు తెలుసు. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన ఆ నల్లగొండ పద్ధతిలో చిక్కేమీ లేదు. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు తగు పాళ్లలో కలిపి, తిప్పి, తేరనిస్తే ఫ్లోరైడు చాలావరకు మడ్డితో పాటు అడుక్కు దిగుతుంది. కాగితం మీద అంతకంటే చవకైన మందు లేదు. కానీ ప్రతిరోజూ ప్రతి ఊళ్లో పటిక తూచి వేసే మనిషి కావాలి, బోరు నీటి గుణం మారినప్పుడల్లా పాళ్లు మార్చే తెలివిడి కావాలి, మిగిలిన మడ్డిని పారబోయడానికి చోటు కావాలి. నేను చూసిన ప్లాంట్లలో చాలావాటికి తాళం వేసింది ఫ్లోరైడు కాదు, ఆ మూడింటి కొరతే. చివరకు మర్రిగూడ వంటి ఊళ్లకు ఊరట దొరికింది శుద్ధి యంత్రంతో కాదు, ఫ్లోరైడు లేని కృష్ణ నీళ్లు గొట్టాల్లో వచ్చినందువల్ల. అందుకే, చెడ్డ నీటిని బాగుచేసే యంత్రం కంటే మంచి నీటిని చెడకుండా కాపాడే ఏర్పాటు మీద నాకు గురి ఎక్కువ.

నీవు వెంటనే చెన్నై సంగతి ఎత్తుతావని తెలుసు. మింజూరులో 2010లో, నెమ్మేలిలో 2013లో సముద్రపు నీటి నుంచి రోజుకు 10 కోట్ల లీటర్ల చొప్పున మంచినీరు తయారుచేసే ప్లాంట్లు పెట్టారు. అవి లేకుంటే 2019 వేసవిలో ఆ నగరం గతి ఇంకా అధ్వానమయ్యేదే. అయినా ఆ జూన్‌లో జలాశయాలు అడుగంటగా, జూలైలో జోలార్‌పేట నుంచి రైలులో నీళ్లు మోయక తప్పలేదు. పైగా ఆ ప్లాంట్లకు వెయ్యి లీటర్లకు సుమారు 3 నుంచి 4 యూనిట్ల కరెంటు కావాలి, ఉప్పును వడకట్టే పొరలను (మెంబ్రేన్లను) మార్చాలి, మిగిలిన చిక్కటి ఉప్పునీటిని చేపలకు ఇబ్బంది లేని చోట వదలాలి. మహానగరం మోయగల బరువును నీ చిన్న మున్సిపాలిటీ మోయగలదా అన్నదే నా సందేహం.

మీ ఉప్పుకు ఒక్క మంచి గుణం ఉంది, నాలుకకు వెంటనే దొరికిపోతుంది. మా ఫ్లోరైడు నాలుకకు చిక్కదు, పళ్లనూ ఎముకలనూ పాడుచేశాకే జాడ చెబుతుంది. అయితే ఉప్పు ఎంత కొంచెంతో పాడుచేస్తుందో చూడు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 19,000 మిల్లీగ్రాముల క్లోరైడు ఉంటుంది, తాగేనీటికి మన ప్రమాణం 250. వంద బిందెల మంచినీటిలో రెండు బిందెల సముద్రం కలిస్తే చాలు, ప్రమాణం దాటిపోతుంది. ఒడ్డు వెంట ఇసుకలో తీపినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది కదా. సముద్రమట్టానికి మీటరు ఎత్తున తీపినీరుంటే దాని కింద సుమారు 40 మీటర్ల లోతు వరకు అదే ఉంటుందని మనం చదువుకున్న సూత్రం. ఆ లెక్కను తిప్పి చదువు: బోర్లు తోడి పై మట్టాన్ని అర మీటరు దించితే, కింద ఉప్పు 20 మీటర్లు పైకి వస్తుంది. కాబట్టి ఒడ్డు బోర్లకు గంటల పరిమితి పెట్టడం, ఇసుక తవ్వకం ఆపించడం నీ ప్లాంటు కంటే ముందు జరగాలి. అది ఇంజనీరు చేతిలో లేని పని అంటావు, నిజమే. అయినా కాగితం మీద రాసి పైకి పంపడం మన చేతిలో పనే.

ఇక పంపుహౌస్. 2020 అక్టోబరులో మా పక్క కొల్లాపూర్ దగ్గరి ఎల్లూరు పంపుహౌస్‌లో నీళ్లు చేరి మోటార్లు మునిగిపోయాయి. అది సముద్రం చేసిన పని కాదు, కానీ మునిగిన మోటారుకు ఉప్పు, తీపి తేడా లేదు. నా సొంత పొరపాటు కూడా ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వాగు ఒడ్డున నేను గీసిన పంపుహౌస్‌కు గోడలు వరదమట్టం కంటే రెండడుగులు ఎత్తుగా పెట్టి ఎంతో మురిశాను. వరద గోడ దాటలేదు. కేబుళ్లు వచ్చే కాలువలోంచి లోపలికి వచ్చి, కిందనే బిగించిన ప్యానెల్ బోర్డును ముంచింది. పై అధికారి ఏమీ అనలేదు గాని, ఆ బురద కడిగించడానికి నన్నే పంపాడు. నీ నక్షాలో కూడా కేబుల్ కాలువకు మూత లేదు, చూసుకో.

మట్టాల సంగతికి వస్తే, నీవు పాత పోటు రిజిస్టరులోని గరిష్ఠాన్ని అలాగే దించావు. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. అందులో 2006 నుంచి 2018 వరకు ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున. ఇదే వేగం సాగినా నీ పథకపు ముప్పై ఏళ్లలో అర జానెడు పెరుగుతుంది. ఒట్టి అర జానెడు ఎవరినీ ముంచదు; పౌర్ణమి పోటు, తుపాను ఉప్పెన దాని మీద ఎక్కి వచ్చినప్పుడే తంటా. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన నీకు నేను గుర్తుచేయనక్కరలేదు. అదే పోటు మురుగు కాలువల నోళ్లను మూసి నీటిని ఊరి మీదకు తన్నకుండా, ఆ నోళ్లకు ఒకవైపే తెరుచుకునే తలుపులు పెట్టించు, ఖర్చు స్వల్పం.

కరెంటు గురించి ఒక్కమాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో స్తంభాలు నేలకొరిగి రోజుల తరబడి చీకటి; కరెంటు లేనిదే నీళ్లూ లేవు. నీ అంచనాలో జనరేటరు ఉంది గాని, డీజిల్ నిల్వ ఒక్కరోజుకే ఉంది. రోడ్లు తెగినప్పుడు ట్యాంకరు ఎక్కడినుంచి వస్తుంది? కనీసం ఐదు రోజులకు పెట్టు.

నిల్వ చెరువు మాత్రం నా మనసుకు దగ్గరి విషయం, ఎందుకంటే మీరు తాగేది సాగర్ దాటి మా జిల్లా అంచునుంచి వచ్చే నీరే. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి పోయింది; కరువు ఏడాది అదే నదిలో చుక్క కోసం రెండు రాష్ట్రాల ఇంజనీర్లూ తగువులాడతారు. వేసవిలో డెల్టా కాలువలు కట్టేసిన తర్వాత మీకు దిక్కు ఆ చెరువే. కాలువ ఆలస్యమైతే ఇంకో నెల గడిచేలా దాన్ని లోతు చేయించి, గట్టు ఉప్పెనకు తెగకుండా సముద్రం వైపు రాతికట్టుతో లేపించు.

పంపుహౌస్ నేల, ప్యానెల్ బోర్డు, చెరువు గట్టు, ఈ మూడింటి మట్టాలు ఎత్తు కొలతకు ఆధారమయ్యే ఒకే గుర్తు, అంటే ఒకే బెంచ్‌మార్కు నుంచి మళ్లీ కొలిపించి పంపించు. నీ కట్టలో రెండు వేర్వేరు బెంచ్‌మార్కులు కనిపించి నాకు తల తిరిగింది. దసరా తర్వాత నేనే వచ్చి, ఒక పౌర్ణమి పోటు వేళ నీతో పాటు ఆ గట్టు మీద నిలబడి చూస్తాను. చెల్లెమ్మకు నా నమస్కారాలు చెప్పు. ఈసారి చేపల పులుసు నా కోసం తక్కువ కారంతో చేయమను.

ఇట్లు
నీ పాత గది మిత్రుడు