కొటేషన్‌లో ‘పౌడర్ కోటింగ్’ అని రాస్తే చాలదు

సంపాదకుల వారికి,

తిరుపతి, రేణిగుంట చుట్టుపక్కల కొత్త ఇళ్లకు గేట్లు, మెట్ల రెయిలింగులు, కిటికీ గ్రిల్లులు పౌడర్ కోటింగ్‌తో (పొడి రంగును కరెంటు ఛార్జితో ఇనుముకు అంటించి ఓవెన్‌లో కాల్చే పూత) చేయించుకోవడం మామూలైపోయింది. ఇంటివాళ్లు అడిగేది మాత్రం రెండే: ఏ రంగు, ఎంత రేటు. కొటేషన్‌లోనూ ‘పౌడర్ కోటింగ్‌తో సహా’ అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు. రెండు వానాకాలాలు గడిచి వెల్డింగ్ అతుకుల దగ్గర రంగు పొరలుగా లేచాక కంపెనీ పౌడర్‌ను తిట్టుకుంటారు.

ముందు పౌడర్ రకం సంగతి. ఎండలో ఉండే వస్తువుకు పాలిస్టర్ పౌడరే వేయాలి. ఎపాక్సీ పౌడర్ తుప్పును బాగా ఆపుతుంది, రసాయనాలకూ ఓర్చుకుంటుంది, కానీ ఎండ తగిలితే నెలల్లోనే వెలిసిపోయి, చేత్తో తుడిస్తే తెల్లపొడి అంటుకుంటుంది. ఈ రెండూ కలిపిన హైబ్రిడ్ పౌడర్ బీరువాలకు, ఆఫీసు ర్యాకులకు భేష్; బయటి గేటుకు వద్దు. వేశాక చూస్తే మూడూ ఒకేలా మెరుస్తాయి. తేడా తెలియాలంటే పెట్టె మీది లేబుల్ చదవాల్సిందే, అది చూపించమనడానికి మొహమాటం దేనికి? కోట, వాకాడు లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల ఇనుముకు ముందు ఎపాక్సీ ప్రైమర్ (అడుగు పూత) వేసి, దాన్ని సగం మాత్రమే కాల్చి, పైన పాలిస్టర్ వేయిస్తే మేలు. ప్రైమర్ పూర్తిగా కాలితే పై పొర సరిగా పట్టదు.

రంగు లేచిపోవడానికి అసలు కారణం ఎక్కువగా కడగడంలోనే ఉంటుంది. ఇనుప పైపులు, రేకులు తుప్పు పట్టకుండా నూనె రాసి వస్తాయి. వేడి క్షార ద్రావణంలో ఆ నూనె వదిలించాలి, నీళ్లలో కడగాలి, ఆసిడ్‌తో తుప్పు తీయాలి, మళ్లీ కడగాలి, ఆ తర్వాత పూత గట్టిగా పట్టేందుకు జింక్ ఫాస్ఫేట్ తొట్టిలో ముంచాలి, చివరగా పాసివేషన్ (ఆ ఫాస్ఫేట్ పొరకు రక్షణగా చేసే ఆఖరి కడుగుడు) చేసి ఓవెన్‌లో ఆరబెట్టాలి. ఇంత పని ఎందుకని థిన్నర్ గుడ్డతో తుడిచి పౌడర్ చల్లే గన్ పట్టుకునే షాపులూ ఉన్నాయి. నూనె పోయిందో లేదో చూడటం సులువు. కడిగిన ఇనుము మీద నీళ్లు తెగకుండా పలచటి పొరలా పరుచుకోవాలి. చుక్కలుగా విడిపోతే నూనె ఇంకా ఉన్నట్టే.

బాక్సు పైపు గేట్లలో ఇంకో చిక్కు. రెండు చివరలా మూసి వెల్డింగ్ చేస్తారు గానీ అతుకులో సన్నటి సందు మిగులుతుంది. ఆసిడ్ అందులోంచి లోపలికి పోయి అక్కడే నిలిచి, తర్వాత ఆ అతుకులోంచే తుప్పు నీరుగా కారుతుంది. కనిపించని వైపు 8 మి.మీ. రంధ్రాలు పెడితే లోపలి నీళ్లు దిగిపోతాయి. అతుకుల మీద మామూలు పుట్టీ పెట్టి చదును చేస్తే ఓవెన్ వేడికి పగిలి లేస్తుంది. గ్రైండింగే గతి. జీఐ (జింక్ పూత పూసిన ఇనుము) పైపు వేడెక్కితే జింక్ పొరలోంచి గాలి బయటికొచ్చి సూదిమొన రంధ్రాలు పడతాయి కాబట్టి పౌడర్ చల్లకముందే ఒకసారి ఓవెన్‌లో వేడి చేయాలి. అల్యూమినియానికి ఇనుమును కడిగే తొట్లు పనికిరావు, దాని కడుగుడు వేరు.

గన్ పనిలో తప్పు ఎక్కువగా లోపలి మూలల్లో కనిపిస్తుంది. పౌడర్ అక్కడికి చేరడం లేదని వోల్టేజీ పెంచుతారు. పెంచేకొద్దీ అది అంచులకే అంటుకుంటుంది. వోల్టేజీ, గాలి రెండూ తగ్గించి మూలలు ముందు కొట్టాలి. కొక్కేల మీద పాత పూత పేరుకుపోతే ఎర్తింగ్ అందక పౌడర్ పట్టదు. పూత మందం 60 నుంచి 80 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) ఉంటే చాలు. బాగా ఎక్కువైతే పైభాగం నారింజ తొక్కలా గరుకెక్కుతుంది.

ఓవెన్ మీటరు 200 డిగ్రీలు చూపిస్తే అది గాలి వేడి. పాలిస్టర్ పౌడర్ చాలావాటికి ఇనుమే 200 డిగ్రీలకు చేరాక 10 నిమిషాలు ఉండాలి. పలచటి రేకు, మందపాటి ప్లేటు ఒకే ట్రాలీలో వేస్తే ప్లేటు మీది పూత పచ్చిగానే బయటికొస్తుంది. చూడటానికి నిగనిగలాడుతుంది, వంచితే పగులుతుంది. మరుగున ఉండే చోట థిన్నర్ తడిపిన గుడ్డతో గట్టిగా రుద్దండి: మెరుపు కాస్త తగ్గితే పర్వాలేదు, పూత మెత్తబడి రంగు గుడ్డకు దిగితే కాలలేదన్నమాటే.

కాబట్టి కొటేషన్‌లో పౌడర్ రకం, మైక్రాన్లు, ఫాస్ఫేట్ కడుగుడు, ఈ మూడూ రాయించుకోవాలి. పార్కు బెంచీలకూ బస్టాపు షెడ్లకూ టెండర్లు పిలిచే వారు కూడా ఇవి రాసి, బిల్లు పాస్ చేసే ముందు మందం మీటరు పెట్టి చూస్తే బాగుంటుంది. ఆ మీటరు చేతిలో ఇమిడేంత చిన్నది.

ఇంకొక్క మాట. ఇంత చేసి తెచ్చిన గేటును బిగించేటప్పుడు కీళ్ల దగ్గర వెల్డింగ్ కొడితే చుట్టూ పూత మాడిపోతుంది. స్ప్రే డబ్బాతో కప్పేస్తారు, ఆ స్ప్రే రంగు ఎక్కువ కాలం నిలవదు. కీలు పట్టీలు బోల్టులతో బిగించేలా ఫ్యాబ్రికేషన్ మొదలుపెట్టకముందే చెప్పాలి; కోటింగ్ అయ్యాక ఎవరూ రంధ్రాలు వేయడానికి ఒప్పుకోరు.

ఇట్లు,
పౌడర్ కోటింగ్ పని తెలిసిన ఒక పాఠకుడు,
రేణిగుంట, తిరుపతి జిల్లా