శీనూ, కుట్టు బిగించకురా

విశాఖపట్నం,
జూన్ 17

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్‌లో "కుట్లకి ఏ దారం తెప్పించమంటావురా?" అని అడిగావు. కుర్చీలో పేషెంటు నోరు తెరుచుకుని ఉన్నాడు, సరిగ్గా చెప్పలేకపోయాను. ఇవాళ తీరిగ్గా రాస్తున్నా.

9వ తేదీన జాలరిపేట నుంచి ఒకాయన వచ్చాడు. కింది జ్ఞానదంతం అడ్డంగా పడుకుని ఉంది, నెల రోజులుగా పోటు, చిగురు కోసి తియ్యాల్సొచ్చింది. వేట నిషేధం 14తో అయిపోతుంది, బోటెక్కితే రెండు వారాలు ఒడ్డుకి రాడు. సిల్క్‌తో కుట్టాననుకో, ఏడో రోజున విప్పడానికి మనిషేడీ? సిల్క్ చవకే, మెత్తగా ఉంటుంది, ముడి చక్కగా కూర్చుంటుంది. కానీ అది అల్లిన దారం. దీపం వత్తి నూనెని పీల్చినట్టు ఉమ్మిని, దాంతోపాటు క్రిముల్ని గాయంలోకి లాక్కుపోతుంది. ఆయనకి వైక్రిల్ రాపిడ్ వేశాను, సన్నం 4-0 సైజుది. అదీ అల్లిందే, కానీ విప్పక్కర్లేకుండా తొందరగా కరిగిపోతుంది. అయిదు రోజులకి దాని బలం సగమవుతుంది, పది పద్నాలుగు రోజులకి అసలుండదు. చిగురుకి అంత చాలు. మామూలు వైక్రిల్ అయితే మూడు వారాల దాకా పట్టు ఉంటుంది, పూర్తిగా కరగడానికి రెండు నెలలు.

అద్దం ఇస్తే ముడులన్నీ పరీక్షగా చూశాడు. "వల కన్ను అతికేటప్పుడు మేమూ లాగి కట్టం బాబూ, లాగితే పక్క కన్ను చిరిగిపోద్ది" అన్నాడు. నాకు ఒళ్లు జలదరించిందిరా. హౌస్ సర్జన్సీలో నేను చేసిన తప్పు అదేగా! రక్తం ఆగాలని ఒక ముసలమ్మకి గట్టిగా బిగించేశాను. దారం కింద చిగురు తెల్లగా పాలిపోయింది, చూసి కూడా వదిలేశాను. మూడో రోజుకి దారం చిగురుని కోసేసి ఎముక బయటపడింది. పాపం, గంజి కూడా మింగలేకపోయింది. ఆవిడ ముఖం ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకే చెప్తున్నా, కుట్టు పని అంచుల్ని దగ్గరకు చేర్చడమే. రక్తం ఆపడానికి గాజుగుడ్డ ఉంది, కొరికి పట్టుకోమను. తెల్లబడితే మొహమాటపడకుండా ముడి తెంపి మళ్లీ వెయ్యి. అంచులు కలవకపోతే దారాన్ని లాగకు, ఫ్లాప్, అంటే కోసి లేపిన చిగురు పొర, దాని లోపలివైపు పెరియోస్టియం (ఎముకని అంటుకునుండే పల్చటి పొర) మీద గాటు పెట్టు, అదే జారి వస్తుంది. సూది అంచుకి రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో నిటారుగా దిగాలి, ముందు కదిలే చిగురులోంచి, తర్వాత కదలని దాంట్లోంచి. ముడి గాయం గీత మీద కాకుండా చెంపవైపు ఉండాలి. జ్ఞానదంతం దగ్గర పూర్తిగా మూసెయ్యకు, లోపలి నీరు దిగడానికి దారి ఉండాలి.

ప్రోలీన్ అల్లిక లేని ఒంటిపోగు దారం, దాని వెంట క్రిములు ఎక్కవు, కాకపోతే కొసలు చెంపకి గుచ్చుకుంటాయి. ఎముక పొడి పెట్టి ఇంప్లాంట్లు వేసేటప్పుడు పీటీఎఫ్ఈ అనే నునుపైన, కరగని దారం బాగుంటుంది, నీకిప్పుడే అక్కర్లేదు.

పాడేరులో నీ దగ్గరికొచ్చేవాళ్లకి కుట్లు విప్పించుకోవడమంటే ఒక రోజు కూలి పోవడమే. కాబట్టి కరిగే దారమే ఎక్కువ తెప్పించు. సిల్క్ ఒక పెట్టె చాలు.

14న ఆయన నోరు చూశాను, అంచులు గులాబీ రంగులో అతుక్కుని ఉన్నాయి. బోటు తిరిగి రాగానే వస్తానన్నాడు. చూశాక మళ్లీ రాస్తా.

నీ
రవి