గుంటగలగరాకు నూనె సంగతి

ఒరేయ్ శీనూ,

తలకు రాసుకోడానికి కాచిన గుంటగలగరాకు నూనె వారానికే పుల్లవాసన కొట్టిందని రాశావు. తప్పు ఆకుది కాదురా, నూనెలో మిగిలిపోయిన తడిది. తైలం కాచడమంటే ఆకు వేయించడం కాదు, నీళ్లన్నీ నిదానంగా ఇగరబెట్టడం.

ముందు ఆకు చూసుకో. గుంటగలగరకి చిన్న తెల్లపూలుంటాయి. పొలంగట్ల మీద, కాలవ పక్కన తడినేలలో దొరుకుతుంది. నలిపితే కాసేపటికి వేళ్లు నల్లబడతాయి. పసుప్పచ్చ పూలది వేరే మొక్క, ఎవరైనా అంటగడితే తీసుకోకు.

కొలత పాత వైద్యులదే: ఆకు నూరిన ముద్ద ఒక వంతు, నూనె నాలుగు, ఆకు పిండిన రసం పదహారు. అంటే పావులీటరు గానుగ నువ్వులనూనెకి లీటరు రసం, 60 గ్రాముల ముద్ద. రసం చాలకపోతే నూనె తగ్గించు, అంతేగాని నీళ్లు పోసి లెక్క సరిచెయ్యకు.

అడుగు మందంగా ఉన్న గిన్నె తీసుకో. అన్నీ పోశాక సగానికి మించకూడదు, పొంగుతుంది. సన్నసెగే! తొందరపడి మంట పెంచావో, పైన రసం ఉండగానే అడుగున ముద్ద మాడుతుంది. ఆ మాడువాసన ఇక ఏం చేసినా పోదు. గంటలు పడుతుంది, సెలవురోజు పెట్టుకో. చివర్లో గరిటె వదలకు.

అసలు కిటుకు దింపడంలో ఉంది. మొదట్లో పెద్దపెద్ద బుడగలు తుకతుకమంటాయి. నీరు అయిపోవచ్చేసరికి ఆ మోత తగ్గి, పైన సన్నని నురగ కడుతుంది. అప్పుడు కాస్త ముద్ద తీసి, చల్లారనిచ్చి, వేళ్ల మధ్య నలుపు. చేతికంటకుండా వత్తిలా చుట్టుకోవాలి. ఆ వత్తిని మంటలో పెట్టు. చిటపటలాడిందా, ఇంకా నీరుంది. నిశ్శబ్దంగా అంటుకుంటే వెంటనే దించెయ్. ముద్ద గరగరలాడేదాకా ఆగక్కర్లేదు, తలకు మధ్యమపాకం, అంటే ముద్ద ఇలా వత్తిలా చుట్టుకునే దశ, చాలు.

గోరువెచ్చగా ఉండగానే పొడిగుడ్డలో వడకట్టు. రాత్రంతా కదపకుండా ఉంచి పైతేట వంచుకో, అడుగు మడ్డి పారెయ్. వేడిమీద మూత బిగిస్తే ఆవిరి చెమ్మై మళ్లీ నూనెలోకే దిగుతుంది. సీసా కడిగిన తడి ఆరిందో లేదో ఎండలో పెట్టి చూసుకో. పచ్చకర్పూరం వేస్తే చల్లారాకే వెయ్యి. పసిపిల్లలకి రాసే నూనెలో మాత్రం వద్దు.

అన్నట్టు, ఇదే ధోరణిలో పచ్చి వెల్లుల్లి నూనెలో వేసి వంటింటి గట్టుమీద నెలలు దాచకు. గాలి తగలనిచోట పెరిగే విషక్రిములకి అదే అనువు. వంటకైతే కొంచెమే చేసి, ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో వాడెయ్.

నీ
రాజు